‘జీవితంపై విరక్తి చెంది’ అని రాసేస్తారు గానీ…

జిల్లా పేజీ తిరగేస్తే ఏదో ఒక మూల ఆత్మహత్య వార్త రోజూ కనిపిస్తుంది. ‘కడుపునొప్పి తాళలేక’, ‘తల్లి మందలించిందని’, ‘అప్పుల బాధతో’, ‘జీవితంపై విరక్తి చెంది’. నాలుగు లైన్ల వార్తలో ఒక్క లైను కారణం. పోలీసు కాగితాల్లోనూ అంతే, కారణం దగ్గర ఒకటే పడుతుంది. అవన్నీ పోగేస్తే జాతీయ నేర గణాంకాల సంస్థ ఏటా వేసే పట్టిక అవుతుంది. 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారని, వాళ్లలో 31.7 శాతానికి కుటుంబ సమస్యలు, 18.4 శాతానికి జబ్బులు కారణమని ఆ పట్టిక చెబుతుంది. అంకెలతో నాకు పేచీ లేదు. కానీ కుటుంబ సమస్యలు లేని ఇల్లేది? అప్పులేని కౌలు రైతు ఏ ఊళ్లో ఉన్నాడు? గడ్డివాముకు నిప్పంటుకుంటే రవ్వ ఎక్కడిదని వెతుకుతాం. అది అంతగా ఎండటానికి ఎన్ని నెలలు పట్టిందో ఎవరూ అడగరు. ఈ పోస్టు ఆ నెలల గురించి.

ఇది చదువుతున్న మీకే బతకాలని లేదనిపిస్తుంటే మిగతాది తర్వాత చదవొచ్చు. ముందు 14416కి ఫోన్ చేయండి. టెలి మానస్ అంటారు, కేంద్ర ప్రభుత్వానిది, 2022 అక్టోబరులో మొదలైంది. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. ఇప్పటికే ఏదైనా చేసుకుని ఉంటే 108. అమెరికాలో ఉన్నవాళ్లకు 988, బ్రిటన్‌లో 116 123.

ముందు ఆ కడుపునొప్పి సంగతే చూద్దాం. ‘కడుపునొప్పికే చచ్చిపోతారా’ అని వార్త చదివి తీసిపారేస్తాం. అలాంటి మనిషి నెలల తరబడి ఎక్కడెక్కడ తిరిగి ఉంటారో ఊహించండి. ఊళ్లో ఆర్ఎంపీ గ్యాస్ బిళ్ల ఇస్తాడు. టౌన్లో స్కానింగు, ఆపైన ఎండోస్కోపీ. అన్నీ నార్మల్. ‘నీకేం లేదమ్మా, టెన్షన్ పెట్టుకోకు’ అని పంపిస్తారు. ఆ ‘నీకేం లేదు’ అన్న మాట, నొప్పితో ఉన్న మనిషికి ‘నువ్వు నటిస్తున్నావు’ అన్నట్టే వినిపిస్తుంది. నిజానికి నొప్పికీ దిగులుకీ మెదడులో దారులు చాలావరకు ఉమ్మడివే. సెరటోనిన్, నార్ఎపినెఫ్రిన్ అనే మెదడు రసాయనాలు రెండింటిలోనూ పాలుపంచుకుంటాయి. డిప్రెషన్‌కి ఇచ్చే డులోక్సెటిన్, అమిట్రిప్టిలిన్ లాంటి మందుల్ని మొండి నొప్పులకూ రాసేది అందుకే. మన దగ్గర డిప్రెషన్ చాలాసార్లు ‘దిగులుగా ఉంది డాక్టర్ గారూ’ అంటూ రాదు. తల బరువు, ఒళ్లు లాగడం, గుండె దడ, గ్యాస్, నీరసం అంటూ వస్తుంది. పరీక్షలన్నీ బాగుండి, తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేసి, తిండి సయించకుండా రెండు వారాలు దాటిందా? ఇంకో స్కానింగు ఎక్కడ తీయించాలని కాదు, సైకియాట్రిస్టుకు చీటీ రాస్తారా అని అడగండి. ఇక నిజంగా కనిపించే జబ్బే ఉండి, క్యాన్సరో పాంక్రియాసు వాపో అయి, నొప్పి అదుపులో లేకపోతే ఆ నొప్పే ఒక ముప్పు. దానికి సరైన మోతాదులో మందు ఇప్పించడం కూడా ఆత్మహత్య నివారణే.

మెదడులో జరిగేదాన్ని ‘కెమికల్ ఇంబ్యాలెన్స్’ అని ఒక్క ముక్కలో చెప్పేస్తుంటారు. అది మరీ పొట్టి మాట. ప్రమాదం ఎదురైతే మెదడులోని హైపోథాలమస్ పక్కనే ఉన్న పిట్యూటరీ గ్రంథికి, పిట్యూటరీ కిడ్నీల మీదుండే అడ్రినల్ గ్రంథులకు కబురు పెడతాయి, కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ ఊరుతుంది. ప్రమాదం దాటాక దాన్ని ఆపడంలో మెదడులో జ్ఞాపకాలు చూసే హిప్పోక్యాంపస్‌ది పెద్ద పాత్ర. చిన్నతనంలో దెబ్బలు, నెలల తరబడి వేధింపులు, తెగని అప్పు, ఇలా ఒత్తిడి ఆగకుండా సాగితే ఆ ఆపే పని దెబ్బతింటుంది. నుదుటి వెనకుండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ ‘ఆగు, రేపు చూద్దాం’ అనే భాగం. అది పూర్తిగా పక్వానికి వచ్చేసరికి పాతికేళ్లు వస్తాయి. తాగినా, వరసగా రెండు రాత్రులు నిద్ర లేకపోయినా మందగించేది ముందు అదే. ఇంటర్ కుర్రాడికీ, రోజూ తాగే మనిషికీ ముప్పు ఎక్కువ కావడానికి ఇదొక కారణం.

ఇంకో మార్పు గురించి బయట తక్కువ మాట్లాడతారు. ఆత్మహత్యా ప్రయత్నం చేసి బతికినవాళ్ల జ్ఞాపకశక్తిని బ్రిటన్‌లో 1986లో పరీక్షించారు. ‘సంతోషం’ లాంటి ఒక మాట ఇచ్చి, ఫలానా రోజు జరిగిన ఒక సంగతి చెప్పమంటే వాళ్లు చెప్పలేకపోయారు. ‘చిన్నప్పుడు బాగుండేది’ అన్నట్టు పొడిపొడిగా చెప్పారు. గడిచిన మంచిరోజు స్పష్టంగా కనబడని మెదడు రాబోయే మంచిరోజును కూడా బొమ్మ కట్టలేదు. ఆలోచన సన్నటి సందులో ఇరుక్కుంటుంది, రెండు గోడలు తప్ప మూడో దారి కనబడదు. అక్కడికెళ్లి ‘నీకేం తక్కువరా, బంగారం లాంటి పిల్లలున్నారు’ అంటే ఎక్కదు. ఎందుకంటే వాళ్ల లెక్కలో పిల్లలకు తానే అడ్డు. ‘నాకెవరూ లేరు’, ‘నేను అందరికీ భారం’ అన్న ఈ రెండు నమ్మకాలు కలిసిన చోట చావాలన్న కోరిక పుడుతుందని థామస్ జాయినర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 2005లో సిద్ధాంతీకరించారు. భారం అన్న మాట మన ఇళ్లలో ఎంత తేలిగ్గా దొర్లుతుందో చెప్పక్కర్లేదు. పెళ్లి కాని కూతురు భారం, మంచాన పడ్డ ముసలాయన భారం, సంపాదన లేని కొడుకు భారం.

ఇక ఒంటి వైపు నుంచి వచ్చే కారణాలు. సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లే ముందో, వెళ్లాకో చేయించాల్సినవి పెద్ద ఖర్చేం కాదు: టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), బీ12, హిమోగ్లోబిన్, షుగర్, పెద్దవాళ్లయితే సోడియం. థైరాయిడ్ తగ్గితే వచ్చే మందకొడితనం, బరువు, ఏడుపు అచ్చం డిప్రెషన్‌లాగే ఉంటాయి. మాంసం, గుడ్లు, పాలు తక్కువ తినేవాళ్లలో బీ12 లోపం సామాన్యం. అరికాళ్లలో తిమ్మిర్లు, మతిమరుపు, చిరాకు కలిసి కనబడితే అనుమానించాలి.

తలకు తగిలిన దెబ్బని మాత్రం చాలామంది లెక్కలోకే తీసుకోరు. డెన్మార్క్‌లో 74 లక్షల మంది రికార్డుల్ని పరిశీలించి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, తలకు గాయమై ఆసుపత్రికి వచ్చినవాళ్లలో ఆత్మహత్య ముప్పు మిగతావాళ్లకు దాదాపు రెట్టింపు ఉంది. మొదటి ఆరు నెలల్లో అంతకంటే ఎక్కువ. బండి మీంచి పడ్డాక స్కాన్ బాగుందని ఇంటికి పంపేస్తారు. రెండు నెలలకు మనిషి మారిపోతాడు. ఊరికే కోపం, గబుక్కున కన్నీళ్లు, ఏ పని మీదా మనసు నిలవకపోవడం. ‘యాక్సిడెంట్ తర్వాత తిక్క పట్టింది’ అంటారు ఇంట్లోవాళ్లు. తిక్క కాదది, గాయం. మూర్ఛ ఉన్నవాళ్లలోనూ, పక్షవాతం వచ్చినవాళ్లలోనూ, పార్కిన్సన్స్ ఉన్నవాళ్లలోనూ డిప్రెషన్ ఆ జబ్బులో భాగంగానే రావచ్చు. మతిమరుపు జబ్బని (డిమెన్షియా) డాక్టరు చెప్పిన తర్వాతి మొదటి మూడు నెలలు జాగ్రత్తగా చూసుకోవాలి, ముఖ్యంగా మనిషి ఇంకా 65 దాటకపోతే. 50 ఏళ్లు దాటాక మొదటిసారి ఇలాంటి మార్పు వచ్చినా, తలనొప్పితో పాటు వాంతులు, ఫిట్స్, ఒక పక్క బలహీనత, స్వభావమే మారిపోవడం ఉన్నా ఎంఆర్ఐ సంగతి డాక్టరును అడగాలి.

వాడే మందుల చీటీ కూడా పట్టుకెళ్లండి. కీళ్లనొప్పులకు, ఆయాసానికి ఇచ్చే స్టెరాయిడ్లు, ముఖ్యంగా ప్రెడ్నిసోలోన్ రోజుకు 40 మిల్లీగ్రాములు దాటితే, ఒకటి రెండు వారాల్లోనే నిద్ర, మూడ్ రెండూ తలకిందులు చేయగలవు. ఫిట్స్‌కి వాడే లెవెటిరాసెటామ్ కొందరిలో విపరీతమైన చిరాకూ దిగులూ తెస్తుంది. మీ అంతట మీరు ఆపకండి, ఫిట్స్ తిరగబెడతాయి, న్యూరాలజిస్టుకు చెప్పి మార్పించండి. పిల్లలకు ఆయాసం, అలర్జీకి ఇచ్చే మాంటెలుకాస్ట్‌పై మానసిక దుష్ప్రభావాల గురించి అమెరికా ఔషధ సంస్థ 2020లో గట్టి హెచ్చరిక వేయించింది.

డిప్రెషన్ మందుల మీద అపోహలు రెండు వైపులా ఉన్నాయి. అవి పనిచేయడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. మూడో రోజుకే ‘ఏం తేడా లేదు’ అని మానేస్తారు. మరోవైపు, 25 ఏళ్లలోపు వాళ్లలో మొదటి వారాల్లో చావు ఆలోచనలు పెరిగే అవకాశం ఉంది. దిగులు తగ్గకముందే ఒంట్లో ఓపిక వస్తే ప్రమాదం. కాలు ఒకచోట నిలవక గదిలో అటూ ఇటూ తిరుగుతుంటే, అంతకుముందు లేని అసహనం కనిపిస్తే అదే రోజు డాక్టరుకు ఫోన్ చేయాలి, తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకూడదు. ఆ నెల మందుల స్ట్రిప్పులు ఇంట్లో ఇంకొకరి దగ్గరుండాలి. బైపోలార్ (ఒకసారి మితిమీరిన ఉత్సాహం, ఒకసారి తీవ్రమైన దిగులు వచ్చే జబ్బు) ఉన్నవాళ్లకు లిథియం ఆత్మహత్య ముప్పును తగ్గిస్తుందన్న ఆధారం చాలా ఏళ్లుగా ఉంది. కాకపోతే రక్తంలో దాని స్థాయి పరీక్షిస్తుండాలి. మన ఎండాకాలంలో ఒంట్లో నీరు తగ్గినా, నొప్పికని డైక్లోఫెనాక్ వేసుకున్నా ఆ స్థాయి పెరిగిపోతుంది.

బాలింత విషయంలో ఒక్క గుర్తు చాలు. బిడ్డ నిద్రపోయినప్పుడు కూడా తల్లికి నిద్ర పట్టడం లేదంటే అది అలసట కాదు. కాన్పైన మొదటి రెండు వారాల్లో పొంతన లేని మాటలు, బిడ్డ గురించి వింత భయాలు మొదలైతే గాలి సోకిందని తాయెత్తు కట్టించి కూర్చోకండి. ఆ రోజే ఆసుపత్రి.

సరే, ఇప్పుడు గుర్తులు. తెలుగులో ఓ చిక్కుంది. ‘ఎండకి చచ్చిపోతున్నాం’, ‘నవ్వలేక చచ్చాం’, ‘నీతో చచ్చే చావొచ్చింది’ అని పొద్దున లేస్తే అంటూనే ఉంటాం. మరి ఏ మాటకు ఉలిక్కిపడాలి? వేడి మీద అరిచిన ‘చస్తాను’ కంటే చల్లగా చెప్పే మాటలు భయపెట్టాలి. ‘నేను లేకపోయినా మీరు బాగానే ఉంటార్లే’, ‘ఇంకెన్నాళ్లులే’, ‘పిల్లల్ని మీ అమ్మ దగ్గరుంచి చదివించు’. ఇందులో చావు అన్న మాటే లేదు, తను లేని ఇంటిని సర్దుతున్న మాటలవి. మాటతో పాటు చేతలూ వస్తాయి. ఎల్ఐసీ బాండు, పాసుపుస్తకం తీసి ఎక్కడున్నాయో చూపించడం, ఏటీఎం పిన్ చెప్పడం, ఎవరికెంత ఇవ్వాలో కాగితం మీద రాసిపెట్టడం. ఏళ్లుగా మాటల్లేని అన్నకు ఫోన్ చేసి క్షేమం అడగడం. ఇష్టంగా పెంచుకున్న గేదెనో, బండినో, క్రికెట్ కిట్టునో ఊరికే ఇచ్చేయడం. పెద్దవాళ్లలో బీపీ, షుగర్ మాత్రలు మానేయడం, తాళాలగుత్తి కోడలికి అప్పగించడం.

వేడి మీద అన్న మాటని వదిలేయమనడం లేదు. తాగినప్పుడల్లా అదే మాట వస్తుంటే అదీ లెక్కే. ఇంతకుముందు ఒకసారి ప్రయత్నించినవాళ్లయితే మరీను, అన్నిటికంటే పెద్ద ముప్పు అదే. ‘నాటకాలు, బెదిరింపులు’ అని కొట్టిపారేసే ఇల్లు నాకు అన్నిటికంటే భయం.

వయసును బట్టీ తేడా ఉంటుంది. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల్లో దిగులు చిరాకు వేషంలో వస్తుంది. స్నేహితుల్ని దూరం పెట్టడం, హాస్టల్ నుంచి ఫోన్ చేసి ఏమీ మాట్లాడకుండా ‘ఊరికే చేశా’ అనడం. పరీక్ష ఫలితాల ముందు రోజే సప్లిమెంటరీ ఎప్పుడుంటుందో, ఫీజు ఎంతో మామూలుగా మాట్లాడి ఉంచితే ఆ సందులో మూడో దారి ఒకటి కనబడుతుంది. లోన్ యాప్ వలలో పడ్డవాళ్లు ఫోన్ మోగితే బిత్తరపోతారు, తెలియని నంబరు ఎత్తరు, ఉన్నట్టుండి కుటుంబం వాట్సాప్ గ్రూపులోంచి వెళ్లిపోతారు. అన్ని వయసులకూ ఉమ్మడిగా ఉండే ఒక గుర్తు ఇంట్లోవాళ్లను మోసం చేస్తుంది. వారాల తరబడి కుమిలిన మనిషి ఏ కారణం లేకుండా ఒక పొద్దున తేటగా, ప్రశాంతంగా కనిపిస్తాడు. అప్పు తీరలేదు, మందు మొదలవలేదు, మరి ఈ తేట ఎక్కడిది? నిర్ణయం అయిపోయిందేమోనని అనుమానించాలి.

అనుమానం వస్తే అడగాలి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అనే భయం తప్పని చాలా అధ్యయనాలు చూపించాయి. ‘పిచ్చిపిచ్చి ఆలోచనలేం పెట్టుకోలేదు కదా?’ అని మాత్రం అడగకండి, ‘లేదు’ అనిపించుకోవడానికి వేసిన ప్రశ్న అది. ‘తమ్ముడూ, చచ్చిపోవాలనిపిస్తోందా?’ ‘నాన్నా, బతకాలని లేదా మీకు?’ అంతే సూటిగా. అవునంటే ఆగి, ఎలా అన్నది ఆలోచించారా, ఎప్పుడని అనుకున్నారా అని అడగండి. రెంటికీ జవాబుంటే ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు. పక్కనే ఉండి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. జవాబు వినేటప్పుడు సలహా నోటిదాకా వస్తుంది, మింగేయండి. ‘ఎప్పట్నుంచి ఇలా ఉంది?’ అన్నది సలహా కంటే మేలు.

మనవాళ్లు ఇక్కడ చేసే పెద్ద పొరపాటు ఒట్టు. ‘నా తల మీద చెయ్యేసి చెప్పు, అలాంటి పని చేయనని’. ఒట్టు పనిచేస్తుందన్న ఆధారం లేదు. పైగా ఒట్టేశాక మళ్లీ ఆలోచన వస్తే చెప్పుకోవడానికి నోరు రాదు, మాట తప్పినట్టవుతుంది కదా. ఒట్టుకు బదులు, ఆ ఆలోచన వస్తే వరసగా ఏం చేయాలో రాసుకున్న అరఠావు కాగితం పనికొస్తుంది. అమెరికన్ మనస్తత్వవేత్తలు గ్రెగరీ బ్రౌన్, బార్బరా స్టాన్లీ రూపొందించిన ఈ పద్ధతితో పాటు ఫోన్ పలకరింపులు కూడా కలిపితే, ఆరు నెలల్లో ఆత్మహత్యా ప్రవర్తన 45 శాతం తక్కువగా ఉందని 2018లో తేలింది. ఆ మనిషి మాటల్లోనే, వీలైతే ఆ మనిషి చేతే రాయించాలి. ఇలా ఉంటుంది: రాత్రి పదకొండు దాటాక లోన్ వాళ్ల మెసేజీలు మళ్లీ మళ్లీ చదువుతున్నానంటే అది మొదలైందని గుర్తు. అప్పుడు నా అంతట నేను చేసేది, చన్నీళ్ల స్నానం, పాత మ్యాచ్ ఒకటి పెట్టుకోవడం. తగ్గకపోతే బస్టాండు టీకొట్టు దగ్గరికి, నలుగురుండే చోటికి. అక్కడా తగ్గకపోతే బావకు ఫోన్, విషయం చెప్పడానికే. ఆపైన 14416, జిల్లా ఆసుపత్రి సైకియాట్రీ. చివరి లైను, ప్రమాదమయ్యే వస్తువులు ఇంట్లో లేకుండా చేయడం. ఈ కాగితాన్ని ఫొటో తీసి ఫోన్లోనే పెట్టుకోవాలి, బీరువాలో దాస్తే ఆ రాత్రి దొరకదు.

ఆ చివరి లైను మీద ఇంకొంచెం. పేపర్ల ‘క్షణికావేశం’లో సగం నిజముంది. ఆస్ట్రియాలో ప్రయత్నం చేసి బతికినవాళ్లను అడిగితే, ఆ దఫా మొదట ఆలోచన వచ్చినప్పటి నుంచి చేసుకునేదాకా పది నిమిషాలే పట్టిందని దాదాపు సగం మంది చెప్పారు. ఎండటానికి నెలలు, అంటుకోవడానికి నిమిషాలు. ఆ నిమిషాల్లో చేతికందనిది ప్రాణం నిలబెడుతుంది. ఒకసారి బతికి బయటపడ్డవాళ్లలో పదికి తొమ్మిది మంది తర్వాత ఆత్మహత్యతో చనిపోరు. శ్రీలంకలో 1995 ప్రాంతంలో లక్షకు 57 దాకా ఉన్న ఆత్మహత్యల రేటు, ప్రమాదకరమైన పురుగుమందుల్ని ఒక్కొక్కటిగా నిషేధించాక ఇరవై ఏళ్లలో మూడో వంతు కంటే కిందికి దిగింది. అయితే పురుగుమందులు దాచుకోవడానికి ఇంటింటికీ తాళం పెట్టె ఇచ్చి అక్కడే చేసిన పెద్ద ప్రయోగం 2017లో ఫలితం చూపలేదు. నాకు ఆశ్చర్యం లేదు. తాళంచెవి ఉండేది సాధారణంగా ఆ ఇంటి రైతు మొలతాడుకే. కాబట్టి పెట్టె కాదు, ఇంట్లో లేకుండా చూడటం. ఒక్క స్ప్రేకు సరిపడా కొనండి, మిగిలింది ఇంకొకరి దగ్గర పెట్టండి. పాత మాత్రల డబ్బాలకూ ఇదే వర్తిస్తుంది.

పోలీసు కేసవుతుందని భయపడి ఆసుపత్రికి ఆలస్యంగా తెస్తారు, లేదా ఏం జరిగిందో డాక్టరుకు అబద్ధం చెబుతారు. చికిత్స తప్పుదారి పట్టేది అక్కడే. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లోని 115వ సెక్షన్ ప్రకారం ప్రయత్నించిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలి, శిక్షించకూడదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరమన్న పాత ఐపీసీ 309వ సెక్షన్ లేనే లేదు. ప్రభుత్వ ఉద్యోగిని ఒత్తిడి చేయడానికి ఆత్మహత్యాయత్నం చేస్తే మాత్రం 226వ సెక్షన్ ఉంది. ఎమ్మెల్సీ (మెడికో లీగల్ కేసు) అని రాసుకుంటారు, అది ఆసుపత్రి పద్ధతి, దానికి హడలిపోనక్కర్లేదు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు మానసిక ఆసుపత్రుల పేర్లు వింటేనే మొహం తిప్పుకునేవాళ్లు మెడికల్ కాలేజీ ఆసుపత్రుల సైకియాట్రీ ఓపీకి వెళ్లొచ్చు.

డిశ్చార్జి అయిన తర్వాతి వారాలే అన్నిటికంటే ప్రమాదం. చుట్టాలు వచ్చి పోతారు, ‘ఎందుకు చేశావే’ అని నిలదీసి పోతారు, పదో రోజుకు ఇల్లు ఖాళీ. అమెరికాలో జెరోమ్ మోటో అనే సైకియాట్రిస్టు, డిశ్చార్జయ్యాక వైద్యానికి రామన్న 843 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు అయిదేళ్లపాటు అప్పుడప్పుడు చిన్న ఉత్తరాలు రాయించారు. ప్రశ్నలు లేవు, మందులేసుకున్నారా అని లేదు, ఎలా ఉన్నారో అనుకుంటున్నామని అంతే. మొదటి రెండేళ్లలో ఆ జట్టులో ఆత్మహత్యలు తగ్గాయి. ఇప్పుడు ఉత్తరమక్కర్లేదు. ఫోన్లో వారానికో రోజు అలారం పెట్టుకుని, ‘ఇవాళ మా ఇంట్లో గోంగూర పచ్చడి, నువ్వు గుర్తొచ్చావు. రిప్లై ఇవ్వకపోయినా పర్లేదు’ అని వాట్సాప్ చేయండి. బ్లూ టిక్ పడి జవాబు రాకపోతే, వచ్చేవారం ఇంకోటి పెట్టండి.